కోడి పేగులోని మేలు బాక్టీరియాను పొడిగా నిలవ చేయడం: యంత్రంలో బతికింది సీసాలో ఎందుకు చనిపోతోంది?

నాటుకోడి_సీకం
వేదికలోని పెద్దలందరికీ నమస్కారం. నేను పశువైద్య సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నాటుకోళ్ల సీకం (పేగు చివర ఉండే సంచి లాంటి భాగం) నుంచి వేరు చేసిన ఒక బాక్టీరియా నా దగ్గర ఉంది. 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని విడగొట్టిన తరువాత దీనిని లిమోసిలాక్టోబాసిల్లస్ రూటెరి అని రాయాలి గానీ ఇక్కడ పొట్టిగా రూటెరి అంటాను. దీనిని కోడిపిల్లలకు ఇచ్చే ప్రోబయోటిక్ పొడిగా చేయాలన్నది నా ప్రయత్నం.

కణాలను సెంట్రిఫ్యూజ్‌లో వేరు చేసి, 10 శాతం స్కిమ్ మిల్క్‌లో (వెన్న తీసిన పాలలో) కలిపి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రైయర్‌కు (గడ్డకట్టిన నీటిని శూన్యంలో నేరుగా ఆవిరిగా తీసి ఆరబెట్టే యంత్రానికి) తగిలించాను. ఆరబెట్టక ముందు మి.లీ.కు 1,000 కోట్ల సజీవ కణాలుండేవి. ఆరిన తరువాత గ్రాముకు 2,500 కోట్లు వచ్చాయి. సంఖ్య పెరిగిందని సంతోషించాను. మూత బిగించి ప్రయోగశాల అలమరలో పెట్టి రెండు నెలల తరువాత చూస్తే గ్రాముకు 5 కోట్లే మిగిలాయి. పైగా కొన్ని ఫ్లాస్కుల్లో పొడి రాలేదు. అడుగున బెల్లం పాకంలా అంటుకుపోయింది. ఇందులో నా తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

పాతకల్చర్
మొదటి తప్పు యంత్రంలో లేదు, హారంలో ఉంది. మీరు మి.లీ.ను గ్రాముతో పోల్చారు. ఎంత ద్రవం నుంచి ఎంత పొడి వచ్చిందో చెబితే లెక్క తేలుతుంది.

నాటుకోడి_సీకం
100 మి.లీ. ద్రవం నుంచి దాదాపు 20 గ్రాములు వచ్చింది సార్.

పాతకల్చర్
అయితే చూడండి. మీరు యంత్రానికి ఇచ్చినవి 100 మి.లీ.లో మొత్తం 1 లక్ష కోట్లు. తిరిగి తీసుకున్నవి 20 గ్రాముల్లో 50 వేల కోట్లు. పెరగడం మాట అటుంచి సగం పోయాయి. నీరు పోయి పదార్థం చిక్కబడింది కనుక గ్రాముకు లెక్క వేస్తే పెరిగినట్లు కనిపించింది. వ్యాపార ప్రకటనల్లో ఈ పొరపాటు కొన్నిసార్లు పొరపాటు కాదని కూడా నా అనుమానం.

అయినా సగం బతకడం మొదటి ప్రయత్నానికి చెడ్డ ఫలితమేమీ కాదు. అసలు నష్టం తరువాతిది: అలమరలో మీ కణాలు 500కు 1 వంతున మాత్రమే మిగిలాయి. అంటే యంత్రం ఇద్దరిలో ఒకరిని చంపితే, సీసా 500 మందిలో 499 మందిని చంపింది. అందరమూ యంత్రం గురించే అడుగుతాం. జవాబు చాలాసార్లు సీసాలో ఉంటుంది.

ఇప్పుడు నాకు మూడు వివరాలు కావాలి. కణాలను ఎన్ని గంటల పెరుగుదల దగ్గర తీశారు? స్కిమ్ మిల్క్ కాక ఇంకేమైనా కలిపారా? గడ్డకట్టించిన ఫ్రీజర్ ఏది?

నాటుకోడి_సీకం
ఎంఆర్ఎస్ అనే పోషక ద్రవంలో 37 డిగ్రీల దగ్గర 8 గంటలకు తీశాను. బాగా చురుకుగా పెరుగుతున్న దశ అదే కదా అనుకున్నాను. గ్లిసరాల్ 5 శాతం కలిపాను. మేము నిలవ ఉంచే రకాలన్నిటికీ గ్లిసరాల్ వాడతాం కనుక అది చెప్పవలసిన విషయమని తోచలేదు. ఇక ఫ్రీజర్ అంటే, మైనస్ 80 యంత్రం మరమ్మతులో ఉన్నందున మామూలు రిఫ్రిజిరేటర్ పై అరలో రాత్రంతా ఉంచాను. అది ఫ్రాస్ట్ ఫ్రీ రకం.

పాతకల్చర్
మూడు జవాబుల్లోనూ ఒక్కొక్క కారణం దొరికింది. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

గడ్డకట్టించి దాచడం, గడ్డకట్టించి ఆరబెట్టడం అన్నవి చూడడానికి ఒకే దారిలో రెండు మజిలీల్లా ఉంటాయి గానీ, కణాన్ని కాపాడే పద్ధతి రెండింటిలో వేరు. గడ్డకట్టేటప్పుడు కణానికి రెండు వైపులా ప్రమాదమే. మెల్లగా చల్లబరిస్తే ముందు బయటి నీరు మంచవుతుంది, మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది, కణంలోని నీరు బయటికి లాగబడి కణం ముడుచుకుపోతుంది. మరీ వేగంగా చల్లబరిస్తే నీరు బయటికి పోయే వ్యవధి లేక లోపలే మంచు పుడుతుంది. పీటర్ మేజర్, ఆయన సహచరులు 1972లో దీనినే రెండు కారణాల సిద్ధాంతంగా చెప్పారు. ప్రతి కణానికీ ఈ రెండు చావుల మధ్య ఒక వేగం ఉంటుంది. దానిని పట్టుకోవడమే మన పని.

గ్లిసరాల్ ఇక్కడ గొప్పగా పనిచేస్తుంది. చిత్రమేమిటంటే ఆ సంగతి బయటపడింది మీ కోళ్ల దగ్గరే. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి బతికించగలిగింది గ్లిసరాల్ వల్లనే. 15 నుంచి 20 శాతం గ్లిసరాల్‌లో కలిపిన కల్చర్ మైనస్ 80 దగ్గర ఏళ్ల తరబడి ఉంటుంది, ఎందుకంటే మంచు కట్టగా మిగిలిన చిక్కటి గ్లిసరాల్ ద్రావణం ఆ చలిలో ఎంతో బిగుసుకుపోయి కదలికను దాదాపు లేకుండా చేస్తుంది. మైనస్ 20లో అది అంతగా బిగుసుకోదు, అందుకే అక్కడ పెట్టిన నిలవలు మెల్లగా క్షీణిస్తాయి.

ఆరబెట్టేటప్పుడు కథ తిరగబడుతుంది. నీరు ఆవిరిగా పోతుంది, గ్లిసరాల్ పోదు. గది వేడిలో గాజుగా నిలవవలసిన చక్కెరను అది మెత్తబరుస్తుంది. పాకంలా అంటుకుపోయిన మీ ఫ్లాస్కులకు ఒక కారణం అదే. ఆరిన పొడిలో కణాలకు రక్షణ ఇచ్చేవి ట్రెహలోజ్, సుక్రోజ్ వంటి చక్కెరలు. నీరు వదిలిపోయిన చోట అవి కణత్వచాన్ని ఆనుకుని దాని అమరికను నిలుపుతాయి, చుట్టూ గాజులా గట్టిపడి రసాయన చర్యలను ఆపుతాయి. కనుక గ్లిసరాల్‌ను గడ్డకట్టించి దాచే మీ విత్తన నిలవకు (మూల కల్చర్‌కు) ఉంచండి, ఫ్లాస్కులో వద్దు.

ఇక ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్ సంగతి. గోడలకు మంచు పేరుకోకుండా అది కొన్ని గంటలకోసారి లోపలి హీటరును తిప్పుతుంది. ఐస్‌క్రీమ్ గరగరలాడేది అందుకే. ప్రతిసారీ చిన్న మంచు పలుకులు కరిగి పెద్ద పలుకులుగా మళ్లీ కడతాయి. మీ కణాలు రాత్రంతా ఆ రోకటి కింద ఉన్నాయి.

చివరగా, 8 గంటల దశ. చురుకుగా విభజన చెందుతున్న కణం సుకుమారి. పెరుగుదల ఆగి స్థిర దశలోకి వచ్చిన తొలి గంటల్లో కణం ఆకలికి, ఆమ్లానికి తట్టుకునే ఏర్పాట్లు చేసుకుని ఉంటుంది. ఆ గట్టితనమే చలికీ, ఆరబెట్టడానికీ తట్టుకోవడానికి పనికి వస్తుంది. మీ రకానికి పెరుగుదల రేఖ గీసి ఆ మలుపు ఎక్కడుందో చూసి తీయండి.

గోపాలమిత్ర_పాలమూరు
పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. నేను ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ చేసేవాడిని. మైనస్ 80 యంత్రం లేకపోతే ద్రవ నత్రజని ఉంది కదా? అది మైనస్ 196 డిగ్రీలు. మా కంటైనర్లలో ఎద్దు వీర్యపు స్ట్రాలు ఏళ్ల పాటు ఉంటాయి. తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ముంచితే చాలు. నేను చూసిన నష్టాలన్నీ రెండే చోట్ల జరిగాయి. ఒకటి, కంటైనరులో నత్రజని మట్టం తగ్గినా నింపకపోవడం. రెండు, కావలసిన స్ట్రా కోసం వెతుకుతూ స్ట్రాలున్న గొట్టాన్ని కంటైనరు మెడ పైకి ఎత్తి పట్టుకుని ఉండడం. ఆ కొన్ని క్షణాల్లో పక్క స్ట్రాలన్నీ వేడెక్కి మళ్లీ చల్లబడతాయి. వాటికి ఏమైందో పశువు ఎద తిరిగి వచ్చేదాకా తెలియదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. 1 లీటరు ద్రవ నత్రజని ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. ఏసీ కోసం కిటికీలు మూసిన గదిలో దానిని ఒంపవద్దు.

పాతకల్చర్
మన్నించమనవలసిన పని లేదు, మీరు చెప్పింది మా విత్తన నిలవలకు అక్షరాలా వర్తిస్తుంది. ఒక రకాన్ని ఒకే పెద్ద సీసాలో పెట్టి మాటిమాటికీ కరిగించి వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒకేసారి 40, 50 చిన్న గొట్టాలుగా చేసి, సగాన్ని మూల విత్తనంగా ముట్టుకోకుండా ఉంచి, మిగతా వాటిలో ఒక్కొక్కటి తెరిచి వాడి పారేయాలి. తెరిచినది మళ్లీ లోపలికి పోకూడదు.

వాక్యూమ్_పంపు
నేను ఇరవై ఏళ్లుగా ఫ్రీజ్ డ్రైయర్లు బిగిస్తూ, బాగుచేస్తూ ఉన్నాను. జీవశాస్త్రం నాకు తెలియదు, పాకం సంగతి మాత్రం తెలుసు. మీరు “ఫ్లాస్కులు” అన్నారు కనుక మీది అరల యంత్రం కాదు, బయట కొమ్మలకు ఫ్లాస్కులు తగిలించే రకం. అందులో అర వేడిని అదుపు చేసే ఏర్పాటు ఉండదు. గది గాలి ఎంత వేడి ఇస్తే అంత.

లెక్క ఇలా ఉంటుంది. పీడనం 6.11 మిల్లీబార్ల కంటే తక్కువగా ఉన్నప్పుడే మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరవుతుంది. కానీ దానికి దిగువన ఉంటే చాలదు. మైనస్ 40 దగ్గర మంచు ఆవిరి పీడనం సుమారు 0.13 మిల్లీబార్, మైనస్ 20 దగ్గర సుమారు 1 మిల్లీబార్. అంటే మీ గేజి 1 చూపిస్తూ ఉంటే మంచు మైనస్ 20కి దగ్గరలో ఉందని అర్థం. సుక్రోజ్ కలిపిన పదార్థం మైనస్ 32 దాటితేనే మెత్తబడి కుంగిపోతుంది; గ్లిసరాల్ ఉంటే ఇంకా ముందే. పైన మంచు ఉన్నట్లే కనిపిస్తుంది, అడుగున పాకం తయారవుతూ ఉంటుంది.

గది వేడి ఎందుకు అంత పని చేస్తుందని అడగవచ్చు. 1 కిలో మంచు ఆవిరి కావడానికి సుమారు 2,840 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆవిరి జోరుగా పోతున్నంతసేపూ ఆ ఖర్చే మంచును చల్లగా ఉంచుతుంది. ఫ్లాస్కులో ద్రవం మందంగా ఉంటే పైన ఆరిన పొర ఆవిరికి అడ్డుపడుతుంది. వేడి మాత్రం గాజు గోడ నుంచి వస్తూనే ఉంటుంది. అందుకే ఫ్లాస్కును మూడో వంతు కంటే తక్కువ నింపి, ఆల్కహాలు చల్లని తొట్టిలో పడుకోబెట్టి తిప్పుతూ గడ్డకట్టించండి. ద్రవం గోడ చుట్టూ పలుచటి పెంకులా పట్టుకుంటుంది. ఈ ఒక్క మార్పుతో పాకం చాలా తగ్గడం నేను చూశాను.

ఇంకొక మాట, పంపు నూనె. కండెన్సర్ (ఆవిరిని మంచుగా పట్టే చల్లని భాగం) పట్టుకోలేని ఆవిరి నూనెలో చేరితే అది మజ్జిగలా తెల్లబడుతుంది. అటువంటి నూనెతో ఏ పంపూ పీడనాన్ని దించలేదు. తెల్లబడిన నూనెతోనే నెలల తరబడి నడిపి, యంత్రం చెడిపోయిందని ఫోన్ చేసినవారిని లెక్కపెట్టలేను.

నాటుకోడి_సీకం
మా నూనె కాఫీ రంగులో ఉంది సార్. మజ్జిగ కంటే మేలా?

వాక్యూమ్_పంపు
కాదమ్మా, ఆరు నెలల కిందటే మార్చవలసింది. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. పంపు ఆగగానే ఫ్లాస్కులకు, పంపుకు మధ్య వాల్వు మూసుకోకపోతే నూనె వెనక్కి పీల్చుకునే ప్రమాదం ఉంది. పది నిమిషాల తరువాత కరెంటు వచ్చినా పదార్థం అప్పటికే కరిగి ఉంటుంది. ఇన్వర్టరు మీద పంపు నడవకపోతే ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టండి, మిగతా వాటితో కలపకండి.

డైరీ_స్టార్టర్
పెరుగు తోడు కల్చర్ల తయారీలో పనిచేస్తాను. పాతకల్చర్ గారు ట్రెహలోజ్ పేరు ముందు చెప్పారు. అందరూ అలాగే చెబుతారు, పరిశోధక విద్యార్థి ఖరీదైన ట్రెహలోజ్ కోసం ఆరు నెలలు ఎదురుచూస్తాడు. స్కిమ్ మిల్క్ 10 శాతం, మామూలు పంచదార నుంచి శుద్ధి చేసిన సుక్రోజ్ 5 శాతం, కొద్దిగా మోనోసోడియం గ్లుటమేట్ ఉంటే లాక్టోబాసిల్లస్ రకాల్లో చాలా వాటికి సరిపోతుంది. పశువుల మేతలో కలిపే వస్తువుకు కిలో ధర మొదట చూడాలి.

పాతకల్చర్
ధర విషయంలో మీతో ఏకీభవిస్తాను, తీర్పు విషయంలో పూర్తిగా కాదు. పొడి ట్రెహలోజ్ గాజు మెత్తబడే వేడి సుమారు 115 డిగ్రీలు, సుక్రోజ్‌ది 60 నుంచి 70. గదిలో ఇవి రెండూ గట్టివే అనిపిస్తాయి. కానీ పొడిలో 3, 4 శాతం తేమ ఉంటే ఈ అంకెలు ఎంతో కిందికి జారతాయి. అప్పుడు సుక్రోజ్ గాజు మన మే నెల గది వేడికే మెత్తబడే స్థితికి వస్తుంది, ట్రెహలోజ్‌కు ఇంకా కొంత ఎడం మిగులుతుంది. చలి గొలుసు తెగకుండా ఉండే డైరీలో మీ సుక్రోజ్ చాలు. రెంటచింతల ఎండలో మోటారు సైకిల్ సంచిలో తిరిగే పొడికి చాలకపోవచ్చు.

స్కిమ్ మిల్క్ గురించి కూడా ఒకటి ఉంది. దాని పొడిలో సగం లాక్టోజ్. అది ప్రోటీన్లతో చర్య జరిపే చక్కెర. నిలవలో వేడి, తేమ తోడైతే పొడి గోధుమ రంగుకు తిరుగుతుంది. సుక్రోజ్, ట్రెహలోజ్ ఆ పని చేయవు. మీ అలమర సీసా రంగు మారిందా, నాటుకోడి గారూ?

నాటుకోడి_సీకం
మారింది సార్. లేత టీ పొడి రంగు వచ్చింది. ఆటోక్లేవ్‌లో పాలు కొంచెం రంగు మారాయి, అదే అనుకున్నాను.

డైరీ_స్టార్టర్
121 డిగ్రీల దగ్గర పాలను మామూలు మీడియాలా పెడితే అలాగే అవుతుంది. 110 నుంచి 115 డిగ్రీల మధ్య 10 నిమిషాలు చాలు; సుక్రోజ్‌ను విడిగా 0.22 మైక్రాన్ల వడపోతతో శుద్ధి చేసి తరువాత కలపండి. ఎండలో తిరిగే సంచి గురించి పాతకల్చర్ గారి మాట ఒప్పుకుంటున్నాను. నేను ఎప్పుడూ చల్లని గది నుంచి చల్లని బండి దాకానే చూశాను.

గుడ్లబండి_తణుకు
మా లేయర్ ఫారంలో పదేళ్లుగా రకరకాల ప్రోబయోటిక్ పొట్లాలు కొన్నాను. వాటిలో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకటి అడుగుతాను. రాణిఖేత్ తెగులుకు వేసే లాసోటా టీకా సీసాలో కూడా ఇలాంటి ఆరిన బిళ్లే ఉంటుంది కదా? దానికి మేము ఐస్ పెట్టె, స్కిమ్ మిల్క్ పొడి, మందు కలపని నీళ్లు అని ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటాం. ప్రోబయోటిక్ పొట్లాన్ని మాత్రం మేత బస్తాల మీద పడేస్తాం, ఏ నీళ్లలోనైనా కలుపుతాం. ఈ రెండింటికీ తేడా ఉందా?

పాతకల్చర్
ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే గట్టిది. తేడా లేదు. రెండూ ఫ్రీజ్ డ్రైయర్ నుంచి వచ్చిన ప్రాణులే, రెండింటికీ శత్రువులు అవే. టీకా కలిపేటప్పుడు లీటరు నీటికి 2.5 గ్రాముల స్కిమ్ మిల్క్ పొడి వేస్తారు, నీటిలోని క్లోరిన్ దాని మీద ఖర్చవుతుందని. ప్రోబయోటిక్‌కు కూడా ఆ పాలపొడే కావాలి. ట్యాంకులో బ్లీచింగ్ వేసిన రోజు రూటెరి పోస్తే కోడికి చేరేది చనిపోయిన కణాల కషాయం.

ఇంకొకటి కూడా గమనించండి. బ్రాయిలర్ మేతలో కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి నివారణకు కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు గ్రామ్ పాజిటివ్ అనే వర్గపు బాక్టీరియా మీద కూడా పనిచేస్తాయి. లాక్టోబాసిల్లస్, ఎంటరోకాకస్ రెండూ ఆ జాతివే. మీ రకం ఆ మందుకు ఎంత తట్టుకుంటుందో చూడకుండా కలిపి ఇస్తే ఒక చేత్తో పోసి మరో చేత్తో తుడిచినట్లవుతుంది.

పెల్లెట్_మిల్లు
మేత వైపు నుంచి ఒక మాట. గుళిక మేత చేసేటప్పుడు కండిషనర్‌లో ఆవిరి పట్టించి 75 నుంచి 85 డిగ్రీల దాకా తీసుకువెళతాం. ఆ తడి వేడిలో లాక్టోబాసిల్లస్ నిలవదు. నేను బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ సిద్ధబీజాలు (వేడిని తట్టుకునే స్పోర్లు) ఉన్న పొడులే కొంటాను. అవి ఆవిరిని దాటుకుని వస్తాయి, అలమరలో రెండేళ్లుంటాయి, ఫ్రీజ్ డ్రైయర్ ఖర్చే ఉండదు. ఇంత కష్టపడి రూటెరిని ఆరబెట్టడం ఎందుకని నా సందేహం.

వనామి_చెరువుగట్టు
భీమవరం వైపు మా రొయ్యల చెరువులకు వాడేవి కూడా చాలా వరకు బాసిల్లస్ పొడులే. కొందరు ఆ పొడిని బెల్లం, తవుడు కలిపిన డ్రమ్ములో గాలి పట్టించి రాత్రంతా పులియబెట్టి తెల్లవారి చెరువులో చల్లుతారు. పొంగు బాగా వచ్చిందంటే మంచి పొడి అని మా నమ్మకం. ఇది సరైన పరీక్షేనా?

పాతకల్చర్
చెరువుగట్టు గారూ, బెల్లం నీళ్లలో ఏది పడినా పొంగుతుంది. డ్రమ్ములో, తవుడులో, చెరువు నీటిలో అప్పటికే ఉన్న ఈస్టులూ ఇతర బాక్టీరియా కూడా అదే బెల్లం తింటాయి. పొంగు చూసి లోపల ఏది పెరిగిందో చెప్పలేం. పరీక్ష కావాలంటే, పొడిలో ఒక గ్రామును మరిగించి చల్లార్చిన ఉప్పు నీటిలో కలిపి, 80 డిగ్రీల నీటితొట్టిలో 10 నిమిషాలు ఉంచి, ఆ తరువాత అగార్ ప్లేట్ల మీద లెక్కించమని దగ్గరి ల్యాబ్‌ను అడగండి. ఆ వేడికి మామూలు కణాలు పోతాయి, సిద్ధబీజాలు మిగిలి మొలకెత్తుతాయి. పొట్లం మీది అంకెకు, ప్లేటు మీది అంకెకు ఎంత ఎడముందో అప్పుడు తెలుస్తుంది.

మిల్లు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. గుళిక మేతలోనే కలపాలంటే మీరు చెప్పినదే దారి, నేను కూడా బాసిల్లస్‌నే సిఫారసు చేస్తాను. కానీ సిద్ధబీజం బలమైనది కనుక అన్ని పనులూ అదే చేస్తుందని కాదు. 1971లో ఫిన్లండులో బ్రాయిలర్ కోళ్లలో సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ బాగా వ్యాపించింది. ఆ నేపథ్యంలో నుర్మి, రాంటలా 1973లో ఒక సంగతి చూపించారు: పెద్ద కోళ్ల పేగు బాక్టీరియాను అప్పుడే పుట్టిన పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లాకు అక్కడ చోటు దొరకదు. హేచరీలో పొదిగిన పిల్ల తల్లి కోడి రెట్టను ఎన్నడూ చూడదు. దాని పేగు ఖాళీ ఇల్లు, ముందు ఎవరు చేరితే వారిదే. ఆ ఇంట్లో స్థిరంగా కాపురం ఉండేవి కోడి పేగులో పుట్టి పెరిగిన రకాలే. బాసిల్లస్ చాలావరకు దారిన పోయే అతిథి, మేలు చేసే అతిథే అయినా.

చిక్కు ఏమిటంటే ఆ కాపురస్తులే అతి సుకుమారులు. పెద్ద కోడి సీకంలో గాలి సోకితే చనిపోయేవి చాలా ఉంటాయి. వాటిని ఆరబెట్టడంలో గాలికి, నీటికి, చలికి మూడింటికీ కాపలా కాయాలి. రూటెరి వాటికంటే ఎంతో గట్టిది. అందుకే విద్యార్థికి అది మంచి మొదటి మెట్టు.

వాక్యూమ్_పంపు
ఆరిందని ఎప్పుడు తేల్చుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఫ్లాస్కు బయట చేయి పెట్టి చల్లదనం పోయిందా అని చూడడం పాత పద్ధతి, అది మంచు పోయిందని మాత్రమే చెబుతుంది. మంచు పోయాక కూడా కణాలను అంటిపెట్టుకుని కొంత నీరు ఉంటుంది. గది వేడిలో ఇంకొన్ని గంటలు వాక్యూమ్ కింద ఉంచితేనే అది వదులుతుంది. ఫ్లాస్కుల వాల్వు అర నిమిషం మూసి పీడనం పెరుగుతోందా చూడండి. గబగబా పెరిగితే లోపల ఇంకా నీరుంది. ముందు ఖాళీ ఫ్లాస్కుతో ఒకసారి చూసి పెట్టుకోండి, లీకును నీరనుకోకుండా ఉంటారు.

పాతకల్చర్
చాలా అవసరమైన మాట. అలాగని ఎముకలా ఆరబెట్టినా కణానికి మంచిది కాదు. 2 నుంచి 4 శాతం మధ్య తేమ మిగిలితే నాకు తృప్తి. వాక్యూమ్ తీసేటప్పుడు గది గాలిని లోపలికి వదలకండి, పొడి నైట్రోజన్ వదలండి. శూన్యంలో ఉన్న పొడి స్పాంజి లాంటిది. కాకినాడ వర్షాకాలపు గాలి ఒక్కసారి లోపలికి వస్తే రాత్రంతా తీసిన నీటిలో కొంత అప్పుడే తిరిగి వస్తుంది, దానితో ఆక్సిజన్ కూడా వస్తుంది. తరువాత అల్యూమినియం రేకు పొట్లాల్లో వేడితో సీల్ చేయండి. మూత బిగించిన ప్లాస్టిక్ సీసా తేమను ఆపదు, ఆలస్యం చేస్తుంది, అంతే.

లెక్కించేటప్పుడు కూడా ఒక పట్టు ఉంది. ఆరిన కణం మీద చల్లని డిస్టిల్డ్ నీరు ఒక్కసారిగా పోస్తే త్వచం చిరిగి అప్పుడే చనిపోతుంది, మనం ఆ చావును నిలవ ఖాతాలో రాసుకుంటాం. 30 నుంచి 37 డిగ్రీల పెప్టోన్ నీరు పోసి, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత పలుచన చేయండి.

నాటుకోడి_సీకం
మూడున్నర నెలల తరువాత తిరిగి రాస్తున్నాను. పంపు నూనె మార్చాం. గ్లిసరాల్ తీసేసి స్కిమ్ మిల్క్, సుక్రోజ్, గ్లుటమేట్ కలిపాను. పెరుగుదల రేఖ గీస్తే మా రకానికి మలుపు 14వ గంట దగ్గర వచ్చింది, 15వ గంటకు తీశాను. ఆల్కహాలు తొట్టి కోసం గోపాలమిత్ర గారి సలహా గుర్తుకొచ్చి ద్రవ నత్రజని తెప్పించాను. వరండాలో నిలబడి దానిని కొద్దికొద్దిగా ఆల్కహాలులో పోస్తూ చల్లబరిచి, అందులో ఫ్లాస్కును చేత్తో తిప్పాను. మొదటి ఫ్లాస్కుకు పెంకు ఒక పక్కకే పట్టింది, నాలుగో దానికి చేయి కుదిరింది. ఈసారి ఒక్క ఫ్లాస్కులోనూ పాకం కాలేదు. వేలితో తట్టితే సున్నపు పెచ్చులా రాలింది.

యంత్రంలో బతికినవి ఈసారి పదింటికి ఆరు, పాత దానికంటే కొంచెమే మెరుగు. కానీ రేకు పొట్లాల్లో మూడు నెలలు ఉంచిన వాటిలో, 4 డిగ్రీల దగ్గరివి దాదాపు అలాగే ఉన్నాయి, అలమరలోవి పదో వంతుకు తగ్గాయి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోవి నూరో వంతు కంటే తక్కువకు పడిపోయాయి. ఒక పొట్లాన్ని ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే కత్తిరించాను, లోపల పొడికి చెమ్మ పట్టి ఉండ కట్టింది. దాని అంకెను లెక్కలోకి తీసుకోలేదు.

గోపాలమిత్ర_పాలమూరు
గది వేడికి వచ్చేదాకా పొట్లం తెరవకూడదు. చల్లని చెంబు బయట నీళ్లు పట్టినట్లే లోపల పొడికీ పడతాయి.

డైరీ_స్టార్టర్
అలమరలో పదో వంతుకు పడిపోవడం నా సుక్రోజ్ పుణ్యమే అయి ఉంటుంది. అదే బ్యాచ్ కణాలను సగం చేసి, ఒక సగానికి ట్రెహలోజ్ పెట్టి చూడండి. ఓడిపోతే ఇక్కడే ఒప్పుకుంటాను.

గుడ్లబండి_తణుకు
నాకు ఆ అలమర పొట్లాలే కావాలి. ఫ్రిజ్‌లో పెట్టినవి మా షెడ్డు దాకా వచ్చేసరికి ఎలాగూ అలమరవే అవుతాయి. వచ్చే నెల పిల్లలు దిగుతున్నాయి, ఒక గది విడిగా ఇవ్వగలను.

నాటుకోడి_సీకం
చాలా ధన్యవాదాలండి. కోళ్ల మీద పరీక్షకు మా సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి రావాలి, వచ్చే నెలకు అది కుదరదు. ఈలోగా మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. మీ బోరు నీళ్లు ఒక లీటరు, బ్లీచింగ్ వేసిన ట్యాంకు నీళ్లు ఒక లీటరు శుభ్రమైన సీసాల్లో పంపగలరా? పాలపొడి వేసి, వేయకుండా, ఆ నీళ్లలో మా పొడి రెండు గంటల పాటు ఎంత బతుకుతుందో ముందు చూస్తాను. కోళ్లు నీళ్లు తాగే నిప్పిల్ లైన్ చివర నుంచి పట్టినవైతే ఇంకా మంచిది.

గుడ్లబండి_తణుకు
లైన్ చివరివే పట్టి సోమవారం బస్సులో వేస్తాను. బ్లీచింగ్ వేసిన గంట కూడా సీసా మీద రాస్తాను.